జియోక్యాచింగ్‌కి మన సీమలో ఫ్యూచర్ ఉందంటారా, లేక నా డబ్బాలు ఎత్తేసుకోవాల్నా?

లంకమల_గాలి (కడప)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పొడుగు, ఓపికుంటేనే చదవండి.

జియోక్యాచింగ్ తెలీనోళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఎవురో ఒకరు ఒక డబ్బా యాడన్నా దాచిపెట్టి దాని అక్షాంశం రేఖాంశం సైట్‌లో పెడతారు, మనం ఫోన్లో జీపీఎస్ చూసుకుంటా పోయి ఎతికి, దొరికితే లోపలుండే చీటీలో పేరూ తేదీ రాసి మళ్లీ ఎట్లుండేదాన్ని అట్ల పెట్టి రావాల. ఆ చీటీనే లాగ్ షీట్ అంటారు. లోపల బొమ్మలో కీచెయిన్లో ఉంటే ఒకటి తీసుకుని ఇంకోటి పెట్టొచ్చు. అంతే ఆట. 2000 మే 2న అమెరికావోళ్లు జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలిపే తప్పు తీసేసినారు, అప్పటిదాకా వంద మీటర్ల తేడా చూపించేది ఒక్కసారిగా పది ఇరవై మీటర్లకి వచ్చింది, మర్నాడే ఒరెగాన్‌లో ఒకాయన నల్ల బకెట్టు ఒకటి చెట్ల మధ్య పెట్టి నంబర్లు ఇంటర్నెట్‌లో పెట్టినాడు. ఆడ మొదలైంది. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో 30 లక్షలకు పైగా ఉండాయి. అంతరిక్ష కేంద్రంలో కూడా 2008లో ఒకటి పెట్టినారంటే చూడండి.

నేను ఆఫీసు పని మీద జర్మనీలో ఏడాదిన్నర ఉన్నప్పుడు నేర్చుకున్నా. ఆదివారం వస్తే రూమ్‌లో ఒక్కణ్ణే, తోచేది కాదు, అట్ల తిరిగి తిరిగి 140 దాకా పట్టినా. ఇంటికొచ్చినాక వర్క్ ఫ్రమ్ హోమ్, కూచుని కూచుని నడుము పట్టేసింది, సరే మన దగ్గర కూడా మొదలుపెడదాం అని మూడు డబ్బాలు పెట్టినా. లంకమల దిక్కు పెడదామని ముందు ఆశపడినా గానీ అది కలివికోడి కోసం కాపాడే అడవి, అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో మళ్లీ దొరికింది ఆడనే, పర్మిషన్ లేకుండా కాలు పెట్టకూడదు. కోటల్లో గుళ్లల్లో ఎట్లాగూ కుదరదు. అందుకే తెలిసినోళ్ల పొలాల్లో, వాళ్లనడిగే పెట్టినా.

ఒకటోది మా మామ చీనీతోటలో, తొట్టి పక్కన రాళ్ల సందులో. నెల తిరక్కముందే మాయం. కాయలు కోయడానికొచ్చినోళ్లు ఎవురో టిఫిన్‌కి బాగుంటాదని తీసుకపోయినారు. వాళ్లనేమనాల, నాలుగు దిక్కులా లాక్ పడే మంచి డబ్బా, నాదే తెలివితక్కువ.

రెండోది ఒక ఫ్రెండు చేను పక్కన గుండ్ల మధ్య. దానికి ఒక ఫర్లాంగు దూరంలో పాడుబడిన మంటపం ఉంది, నేను అది లెక్కలోకే తీసుకోలా. బెంగళూరు నుంచి ఒకతను బండేసుకుని వచ్చి సాయంత్రం ఆరుకి ఆ గుండ్ల చుట్టూ ఫోన్ పట్టుకుని, టార్చి ఏసుకుని, వంగి వంగి చూస్తాంటే ఊరోళ్లు పది మంది వచ్చి చుట్టేసినారు. గుప్తనిధులకి వచ్చినావా అని. బండి తాళం గుంజుకున్నారు, బ్యాగులో నిమ్మకాయలు కుంకం ఉండాయేమో అని ఎతికినారంట పాపం. అతను నాకు ఫోన్ చేస్తే నేను పోయి గంటసేపు చెప్పినా. నేను చెప్పేకొద్దీ వాళ్లకి అనుమానం పెరుగుతాంది. పెట్టె ఉందంట, దానికో నంబరంట, దాచేది ఒకడంట, ఎతికేది ఇంకొకడంట, తీసి చూస్తే లోపల ప్లాస్టిక్ ఏనుగంట. నేను వాళ్ల జాగాలో ఉన్నా నమ్మను.

మూడోది ఒక్కటే ఇంకా ఉంది, ఒక గట్టు కింద, తెలిసినాయన మామిడి తోట వెనక. మూడేళ్లల్లో లాగ్‌లు నాలుగంటే నాలుగు. పోయిన నెల చూడ్డానికి పోతే డబ్బా మూత తీయంగానే పొగాకు వాసన. లోపల బొమ్మలేవీ లేవు, ఆకూ వక్కా సున్నపుకాయ నీటుగా సర్ది ఉండాయి. లాగ్ షీట్ మాత్రం ఉంది. దాని మీద నలుగురి పేర్ల కింద పెన్సిల్‌తో గీతలు, నాలుగు నిలువు గీతలు కొట్టి ఐదోది అడ్డంగా, మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డం. గొర్రెల లెక్క.

వచ్చే నెల ఆ సైట్‌లో డబ్బు కట్టే ప్రీమియం మెంబర్‌షిప్ రెన్యువల్ ఉంది. కట్టాల్నా మానాల్నా? నా డబ్బు సంగతి అట్లుంచండి, అసలు ఈ ఆటకి ఇంకో పదేళ్లు ఆయుస్సు ఉందా, మన దిక్కు దీన్ని ఎవురన్నా ఆడతారా, నిజం చెప్పండి.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తాండా, కట్టొద్దు. ఆ డబ్బులతో నాలుగు ఆదివారాలు ఉగ్గాని బజ్జీ తిను, నడుము నొప్పి అదే పోతాది.

అన్నా నువ్వు ఒక్క అనుమానమే చూసినావు, మన దిక్కు మూడుండాయి. పాత గుడి దగ్గర ఎతికితే నిధులోడు. నల్లమల పాలకొండల దిక్కు జీపీఎస్ పట్టుకుని తిరిగితే ఎర్రచందనమోడు. ఊరి బయట పొదలో మూత బిగించిన డబ్బా దొరికిందంటే మూడోది ఏందో నేను చెప్పాల్నా, మన జిల్లాల చరిత్ర నీకు తెలీదా. మా జేజినాయన కాలంలో పొదల్లో డబ్బా కనపడితే ముట్టుకోకుండా వెనక్కి నడిచేది పిల్లోళ్లకి బడికంటే ముందు నేర్పించేవాళ్లు. ఇంగ్లండ్‌లోనే 2011లో వెదర్‌బీ అనే ఊర్లో ఒక డబ్బా చూసి భయపడి బాంబు స్క్వాడ్‌ని పిలిపిస్తే వాళ్లొచ్చి దాన్ని పేల్చేసినారు. ఆడనే అట్లుంటే ఈడ చెప్పేదేముంది.

ఇంగ పదేళ్ల సంగతి. 2016లో పోకెమాన్ గో అనే ఫోన్ ఆట వచ్చినప్పుడు ఇదే మాట అన్నారు, జనం ఫోన్ పట్టుకుని బయటికి పోతారు, లోకం మారిపోతాది అని. మన దేశానికి డిసెంబర్‌లో వచ్చింది, నేనూ కొండారెడ్డి బురుజు చుట్టూ చలికాలం అంతా తిరిగినా, ఎండాకాలం వచ్చేసరికి అయిపాయె. దాంట్లో డబ్బా లేదు, లాగ్ షీట్ లేదు, ఎవురూ దొంగిలించేది లేదు, అదే నిలబడలేదు నా దగ్గర. ఇప్పుడు జనాలకి ఎతికే ఓపిక యాడిదబ్బా. రీల్ చూస్తారు, గండికోట పోతారు, అదే బండ మీద అదే ఫోటో దిగుతారు, ఇంటికొస్తారు.


బొరుగుల_మిక్చర్ (నంద్యాల)

గొర్రెల లెక్క ఎంత తేలింది అన్నా? అది చెప్పకుండా పోస్ట్ ముగించినావు, నాకు నిద్ర పట్టదు.


చాక్‌పీస్_మేడం (అనంతపురం)

నాకు ఆ సైట్ గురించి పెద్దగా తెలీదండీ, మెంబర్‌ని కూడా కాను, కానీ ఈ ఆట మాత్రం మూడేళ్లుగా ఆడిస్తున్నాను. గవర్నమెంట్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. అక్షాంశాలు రేఖాంశాలు పాఠం ప్రతి ఏడూ గ్లోబు తిప్పి చెప్పడం, పిల్లలు ఆవలించడం. ఒకసారి మా తమ్ముడు బెంగళూరులో ఇట్లాంటిది ఆడామని చెప్తే సరే చూద్దామని పాత జామెట్రీ బాక్సులు ఐదు తీసుకుని బడి ఆవరణలో, పక్కన నీళ్ల ట్యాంకు దగ్గర దాచిపెట్టాను. ఫోను నాదొక్కటే, తొమ్మిదో తరగతి వాళ్లు ఐదు గుంపులు, ఒక్కో గుంపుకి పది నిమిషాలు.

మొదటి రోజే గోల. డబ్బాలో చెనిక్కాయ ఉండలు పెట్టాను ప్రైజుగా, తీసేసరికి చీమల పుట్ట. తర్వాత తెలిసింది అసలు ఆటలో కూడా తినేవి పెట్టకూడదని రూలే ఉందంట. రెండో వారం ఇంకో తప్పు, అది నాదే. నంబర్లు రెండు రకాలుగా రాస్తారు కదా, డిగ్రీల్లో దశాంశాలు ఒకటి, డిగ్రీలు వేసి నిమిషాల్లో దశాంశాలు ఒకటి. 14 డిగ్రీల 40.9 నిమిషాలు అని ఉన్నదాన్ని నేను తొందర్లో 14.409 డిగ్రీలు అని బోర్డు మీద రాసేశాను. నిజానికి అది 14.68 రావాలి. ఆ ఒక్క తప్పుకే డబ్బా 30 కిలోమీటర్లు దక్షిణానికి పోయింది! ఒక అబ్బాయి ఫోన్ చూసి చాలా సీరియస్‌గా "మేడం, ధర్మవరం దిక్కు చూపిస్తాంది, బస్సు పాసుందా" అన్నాడు. ఆ రోజు నేను చెప్పిన దానికంటే ఆ తప్పు వల్ల వాళ్లకి డిగ్రీ అంటే ఎంత, నిమిషం అంటే ఎంత అనేది గట్టిగా పట్టింది. నిమిషంలో వెయ్యో వంతు అంటే దగ్గర దగ్గర 1.85 మీటర్లు, అందుకే మూడు దశాంశాలు చాలు అని వాళ్లే లెక్కేసి చెప్పారు నాకు. రేకుల షెడ్డు గోడ పక్కన నిలబడితే చుక్క గెంతుతుందని, ఖాళీ జాగాలో ఒక నిమిషం కదలకుండా ఉంటే సర్దుకుంటుందని కూడా వాళ్లే కనిపెట్టారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీ రెండో డబ్బా కథ చదివాక నాకు ఒకటి అనిపించింది. మీ ఆటలో తెలీని జనం కంట పడకుండా చేయాలి అంటారు కదా, వాళ్లకి మగుల్స్ అని ఒక పేరు కూడా పెట్టారంట. అది జర్మనీలో కుదురుతుందేమో. మన ఊళ్లల్లో మనిషి కన్ను పడని జాగా ఎక్కడుందండీ? చేను కాపలా ఉంటాడు, గొర్రెలాయన ఉంటాడు, చెంబు పట్టుకుని పోయేవాళ్లుంటారు. మనం వాళ్లని చూడం గానీ వాళ్లు మనల్ని చూస్తూనే ఉంటారు. మా ట్యాంకు దగ్గర డబ్బా ఒక్కసారి కూడా పోలేదు, ఎందుకంటే ట్యాంకు వాచ్‌మన్‌కి మొదటి రోజే చూపించి, తీసి, లోపలుండేది చేతిలో పెట్టి చెప్పాను. ఇప్పుడు ఆయనే పిల్లలకి తప్పుడు దారి చూపించి ఆట పట్టిస్తుంటాడు.


పొద్దుటూరు_టు_డాలస్

తమ్ముడూ నీ మూడో డబ్బాలో ఉండే నాలుగు లాగ్‌ల్లో ఒకటి నాది! 2023 డిసెంబర్‌లో ఇంటికొచ్చినప్పుడు మా బామ్మర్దిని వెనక కూచోబెట్టుకుని వచ్చినా. వాడికి మీ గట్టు కింద ముళ్లు గుచ్చుకుని ఇప్పటికీ తిడతాంటాడు. అప్పుడు అందులో ఒక ట్రావెల్ బగ్ వేసినా, ఉందా? తెలీనోళ్లకి: అది చిన్న ఇనప బిళ్ల, మిలిటరీవోళ్లు మెడలో వేసుకునేటట్లు ఉంటాది, దాని మీద ఒక నంబరు. దొరికినోళ్లు తీసుకపోయి ఇంకో డబ్బాలో వేయాల, సైట్‌లో రాయాల, అది ఎన్ని మైళ్లు తిరిగిందో లెక్క వస్తాంటాది. నాది డాలస్ నుంచి మీ గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. పొగాకు డబ్బాలో లేదంటే మరి యాడికి పోయినట్లు?

ఇంగ ఫ్యూచర్ సంగతి. హంద్రీ అన్న చెప్పినంత అన్యాయంగా లేదు గానీ ఈడ కూడా అంతా బాగుంది అనుకోవద్దండి. ఈడ డబ్బాలకి కొదవ లేదు. షాపింగ్ పార్కింగుల్లో లైటు స్తంభం కింద ఇనప తొడుగు ఉంటాది చూడు, దాన్ని పైకి లేపితే ఒక చిన్న డబ్బీ. నేను మొదట్లో రోజుకి ముప్పై పట్టిన రోజులుండాయి, స్తంభం, స్తంభం, ఇంకో స్తంభం. రెండు డబ్బాల మధ్య 161 మీటర్లు ఉంటే చాలు అని రూల్, నెవాడాలో ఎడారి రోడ్డు పొడుగునా అదే కొలతతో వెయ్యికి పైగా పెట్టినారు, కారు దిగడం, సంతకం, ఎక్కడం. ఆట కాదది, ఉపాధి హామీ మస్టర్. నా లెక్క 2,300 దాటినాక ఒకరోజు కూచుని ఎన్ని గుర్తున్నాయి అని చూసుకుంటే నలభై కూడా రాలే. ఆ నలభైలో మీ గట్టు ఒకటి, అబద్ధం చెప్పను.

మా దగ్గర నెలనెలా కలుస్తాం, పిజ్జా షాపులో, టేబుల్ చుట్టూ చూస్తే అందరివీ నెరిసిన తలకాయలే, పిల్లోళ్లు రావడం లేదు. కంపెనీవోళ్లకీ ఆ సంగతి తెలిసినట్లుంది, డబ్బా లేకుండా ఫోన్లోనే ఐదు జాగాలు తిప్పి ప్రశ్నలడిగే అడ్వెంచర్ ల్యాబ్ అని ఒకటి నడుపుతాండారు. నాకు నచ్చదు, చేత్తో ముట్టుకునేది ఏమీ లేకపోతే నేను సోఫాలోనే ఉంటా. కానీ మా అమ్మాయికి అదే ఇష్టం, ఏం చేస్తాం. ఆట ఉంటాది తమ్ముడూ, డబ్బాలు తగ్గుతాయి, తగ్గాల కూడా. ఊరికి ఒకటి ఉన్నా మనిషి గుర్తుపెట్టుకునేటట్లు ఉండాల.


వజ్రాల_చేను (తుగ్గలి)

మీరందరూ ఎతికే ఓపిక లేదు లేదు అంటాంటే నవ్వొస్తాంది. తొలకరి వాన పడినాక ఒకసారి మా దిక్కు రాండి. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, అట్ల వజ్రకరూరు దాకా, చేలల్లో వందల మంది తల వంచుకుని నడుస్తాంటారు, పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి, సద్దిమూట కట్టుకుని చెట్టు కింద పడుకుని వారం పది రోజులు. జీపీఎస్ లేదు, నంబరు లేదు, డబ్బా లేదు, దొరుకుతాదనే నమ్మకం కూడా సగమే. ఓపిక మనోళ్ల దగ్గర నేర్చుకోవాల.

కానీ ఇంకో మాట కూడా ఇనండి. చేను నాది. విత్తనం ఏసే టైంకి వాళ్లు తొక్కి తొక్కి నేల గట్టిపడతాది. బోర్డు పెట్టినా, అరిచినా, కుక్కని వదిలినా. అందుకని మీ ఆటకి ఫ్యూచర్ కావాలంటే ముందు చేనోణ్ణి అడగండి. లంకమల అన్న అడిగినా అంటాడు, మంచిదే, కానీ అడిగింది చేనోణ్ణి ఒక్కణ్ణే కదా, ఎతికేవాళ్లు నడిచొచ్చేది నాలుగు చేలల మీదుగా.


గొలుసు_తాత (గుత్తి)

సర్వే డిపార్ట్‌మెంట్‌లో గొలుసు లాగి రిటైరైనోణ్ణి. మనవడు ఈ పేజీ చూపించినాడు, కళ్లద్దాలు మార్చుకుని మొత్తం చదివినా.

నాయనలారా, మీరు 2000లో మొదలైంది అంటాండారు. మా గుత్తిలో ఈ ఎతుకులాట 1811 నుంచి ఉంది. లాంబ్టన్ అనే దొర 1802లో మద్రాసులో సర్వే మొదలుపెట్టి, అరటన్ను బరువుండే కొలత యంత్రం మోయించుకుంటా ఉత్తరానికి వస్తా గుత్తి దగ్గర బేస్‌లైన్, అంటే మిగతా కొలతలకి ఆధారమయ్యే గీత, కొలిచినాడు. ఆ సర్వేవోళ్లు కొండల మీద బండకి ఒక సున్నా చెక్కి మధ్యలో చుక్క పెట్టేవాళ్లు. ఆ చుక్కే స్టేషన్. మేము ఉద్యోగంలో చేరినాక చేసిన పని ఏందనుకున్నారు, టోపోషీట్‌లో, అంటే సర్వే మ్యాపులో, త్రిభుజం గుర్తు చూసుకుని కొండెక్కి, ముళ్లకంప నరికి, మట్టి తుడిచి, ఆ సున్నా చుక్క యాడుందో ఎతకడం. దొరికినప్పుడు చేత్తో తడిమి చూసేవాణ్ణి, వేలి కొనకి ఆ గుంత తగిలితే అప్పుడు తాగే నీళ్లకి ఒక రుచి.

ఇప్పుడు మీ కష్టం. మాకూ అదే. ఒక కొండ మీద రాయి కోసం పొద్దున పోయి మధ్యాహ్నానికి పైకెక్కితే రాయి లేదు, దాని జాగాలో నడుములోతు గుంత, పక్కన ఎండిపోయిన నిమ్మకాయ చెక్కలు. దొరలు గుర్తు పెట్టినారంటే కింద ఏదో ఉండే ఉంటాదని తవ్వినారు. సర్కారు రాయికే దిక్కు లేదు, మీ ప్లాస్టిక్ డబ్బా ఎంత. ఇంకొకటి, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, భూమిలో దాచింది పది రూపాయల కంటే విలువైంది దొరికితే కలెక్టరుకి చెప్పాల. మీ ఏనుగు బొమ్మ ఎంతో నాకు తెలీదు. గుంత తవ్వి పూడ్చకూడదని మీ ఆటలో కూడా రూల్ ఉందని మనవడు చెప్పినాడు, బతికిపోయినారు.

నా సలహా ఒకటే. కొత్తగా దాచేది ఎందుకు? ఇప్పటికే ఉన్నదాన్ని ఎతికించండి. బండ మీద సున్నా చుక్క ఉంది, పాత శాసనం రాయి ఉంది, వరద నీళ్లు యాడిదాకా వచ్చినాయో గోడ మీద గీత ఉంది. కర్నూల్లో 2009 అక్టోబర్ వరద గీతలు కొన్ని ఇళ్ల మీద ఇంకా కనపడతాయి. పోయి చూసి కొలిచి రమ్మనండి. ఎవురూ దొంగిలించలేరు.


లంకమల_గాలి (కడప)

తాతా, దండాలు. మీరు చెప్పేది ఈ ఆటలో నిజంగానే ఉంది. ఎర్త్‌క్యాచ్ అంటారు, 2004లో అమెరికాలో జియాలజీవోళ్ల సొసైటీ మొదలుపెట్టింది. డబ్బా పెట్టకూడదు. ఒక జాగాకి పోయి, ఆడ రాయినో నేలనో చూసి, మనం అడిగిన ప్రశ్నలకి జవాబు పంపించాల. నేను జర్మనీలో రెండు మూడు చేసినా గానీ అప్పుడు బోరు కొట్టింది, డబ్బా దొరికితేనే దొరికినట్లు అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే మన దిక్కు కంటే దానికి మంచి జాగా యాడుంది? గండికోటలో పెన్న ఎర్రమలని కోసుకుని పోయిన లోయ ఉంది. బెలుంలో 3,229 మీటర్ల సున్నపురాయి గుహ ఉంది, లోపల జీపీఎస్ అందదు కాబట్టి నంబర్లు గుహ వాకిలివి ఇచ్చి ప్రశ్న లోపలిది అడగొచ్చు. అంతెందుకు, మా ఇంటి వసారాలో పరిచిన కడప బండలో అలల గీతలు ఉండాయి, చిన్నప్పటి నుంచి దాని మీదే కూచుని అన్నం తిన్నా, అవి ఏందని ఒక్కరోజు అడగలే.

దానిక్కూడా జాగా చూసుకునేవాళ్ల పర్మిషన్ కావాల, రివ్యూ చేసేవాళ్లు ఒప్పుకోవాల, ప్రశ్నలు ఊరికే గూగుల్‌లో దొరికేటట్లు ఉండకూడదు. గండికోటకి ఒకటి రాయడం మొదలుపెట్టినా. మేడం, మీ తొమ్మిదో తరగతివోళ్లకి ముందు చూపిస్తా, వాళ్లకి అర్థం కాకపోతే నేను మళ్లీ రాస్తా. వజ్రాల చేను అన్నా, నీ మాట గుచ్చుకుంది. నాలుగు చేల సంగతి నేను అసలు అనుకోలే.

డాలస్ అన్నా, నీ బిళ్ల సంగతి ఆదివారం పోయి కనుక్కుని చెప్తా. మిక్చర్ బ్రో, లెక్క 63.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

ఎర్త్‌క్యాచ్ అయితే ఒప్పుకుంటా, డబ్బా లేదు కాబట్టి గొడవ లేదు. కానీ అన్నా, దాన్ని ఆట అంటారా పరీక్ష అంటారా? జవాబులు రాసి పంపించాల అంటాండావు. నేను ఇంటర్‌తోనే చాలించుకున్నా ఆ పనులు.


చాక్‌పీస్_మేడం (అనంతపురం)

పరీక్ష అంటే భయపడేవాళ్లు మా బడికి వచ్చి ఆ పిల్లలతో ఒకసారి పోటీ పడండి. ముందే చెప్తున్నా, ఓడిపోతారు. లంకమల గారూ, తప్పకుండా పంపండి, నంబర్లు మాత్రం ఏ పద్ధతిలో రాశారో పైన స్పష్టంగా రాయండి, ధర్మవరం ఒకసారి చాలు నాకు.


లంకమల_గాలి (కడప)

అప్‌డేట్. పొద్దున్నే ఆరుకి పోయినా, ఈసారి ఫోన్ జేబులో పెట్టుకుని. మామిడి తోట దాటంగానే గొర్రెలాయన చెట్టు కింద కూచుని ఉన్నాడు, తెల్ల తలపాగ, పక్కన గొంగడి. నేను నోరు తెరవకముందే "డబ్బా నీదేనా అబ్బీ" అన్నాడు. మూడేళ్లుగా నన్ను చూస్తానే ఉన్నాడంట, వచ్చి వంగి తీసి రాసుకుని మళ్లీ పెట్టి పోతాంటే ఏదో మొక్కు అనుకున్నాడంట. మొక్కులో ఉండే వస్తువు బయటికి తీసుకపోకూడదని డబ్బా ఆడనే ఉంచి ఆకూవక్క మాత్రం అందులో పెట్టుకుంటాండాడు, వానకి తడవదని. బొమ్మలు మనవళ్లకి ఇచ్చినా తప్పయితే చెప్పు అన్నాడు. నేను కూచుని ఆట మొత్తం చెప్పినా. ఇనేంతసేపు ఇని, మరి గెలిచినోడికేమొస్తాది అన్నాడు. ఏమీ రాదు అంటే, అట్లయితే మంచిదేలే, కొట్లాట ఉండదు అన్నాడు.

కొత్త డబ్బా ఆయనకి వేరేగా ఇచ్చినా, పాతదాన్ని కడిగి కొత్త షీట్ వేసి అదే జాగాలో పెట్టినా. ఇంగ మీద ఎవురన్నా వస్తే దారి ఆయన్నే అడగమని సైట్‌లో రాస్తాండా, రివ్యూవోళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాల. మొదటి రెండూ సైట్‌లో ఆర్కైవ్ చేసేసినా, అంటే మూసేసినా. ప్రీమియం ఈ ఏడాదికి కట్టినా, వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది.

డాలస్ అన్నా, నీ బిళ్ల దొరికింది. పెద్ద పొట్టేలు మెడలో ఉంది. గంట పక్కన తాడుకి కట్టి ఉంది, నంబరు బాగా కనపడతాంది, ఫోటో తీసినా. ఏం చేయమంటావు, తీసుకుని రానా?


పొద్దుటూరు_టు_డాలస్

అయ్యో సామీ, ముట్టుకోవద్దు! నా బిళ్లలు పదకొండు ఉండాయి లోకంలో, అన్నీ యాడో డబ్బాల్లో చీకట్లో పడుండాయి, రోజూ నడిచేది అదొక్కటే. మెడలోనే ఉండనీ. నువ్వు పోయినప్పుడల్లా యాడుందో ఆ నంబర్లు కొట్టి సైట్‌లో వెయ్యి చాలు.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అంతా బాగుంది గానీ, పండక్కి పొట్టేల్ని కోసినాక లాగ్‌లో ఏం రాస్తావు అన్నా?